ఖాళీ గదుల కాపలా

గండికోట అంచున నిలబడి కిందికి చూస్తే పెన్నా నదిలా కనిపించదు. ఎర్రని రాతి గాయంలో మిగిలిపోయిన పచ్చని గీతలా కనిపిస్తుంది. 2006 మే నెల. నడినెత్తిన సూర్యుడు. రాయి సెగ కక్కుతోంది, గాలి ఆ సెగను మోస్తోంది. ఆ ఎండలో కోట చూడవచ్చినవారు ఇద్దరే ఇద్దరు.

ఒకడి మెడలో కెమెరా. మరొకడి భుజాన బ్యాటరీల సంచి.

సంచి మోసుకొచ్చినవాడు ముందుగా పలికాడు. "ఈ నీళ్లు పెన్నావేనా అన్నా?"

కెమెరా మనిషి లోయలోకే చూస్తూ జవాబిచ్చాడు. "నీళ్లు పెన్నావే. దాహం మాత్రం మాది."

కోడ్ సరిపోయింది. లేవి సంచి దించాడు. నందికొట్కూరు మనిషి అతడు. గూఢచారి విభాగం ఫైళ్లలో అతడికి పేరు లేదు, ఒక అంకె ఉంది. ఊరికొక వేషం, వేషానికొక యాస. ఈ వారం అతడు కోసిగి గిడ్డయ్య, బ్యాటరీ మెకానిక్.

"మెరిడియన్ ముఠాను వదిలి వస్తానన్నావంట. ఏమి తెచ్చినావు?"

"మాట ఒక్కటే తెచ్చినా," అన్నాడు కెమెరా మనిషి. అతడి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "మీ గోపన్న రహస్య కీ కోసమే వాళ్లు వచ్చినారు. దాని చుట్టూ మీరు ఎన్ని తలుపులు పెట్టుకున్నా వాళ్లకు బాధ లేదు. ఒక్క తలుపూ పగలగొట్టరు."

"మరి ఎట్ల తీసుకుంటారు?"

"మీవాళ్లే తెరుస్తారు. మీవాళ్లే తీసి చేతికిస్తారు. అదెట్లంటే..."

మాట అక్కడ తెగింది. లోయ అవతలి గట్టు మీద ఏదో తళుక్కుమంది. చప్పుడు ఆ వెనుక వచ్చింది. లేవి చేయి చాచేసరికి పిడికిట్లో మిగిలింది కెమెరా పట్టీ మాత్రమే. మనిషి లేడు. కింద ఎక్కడో రాళ్లు దొర్లి, దొర్లి, ఆగిపోయాయి.

బండరాయి చాటు నుంచి లేవి అవతలి గట్టును చాలాసేపు చూశాడు. ఎండమావి తప్ప అక్కడ ఏమీ కదలలేదు.

*

కర్నూలు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వన్‌టౌన్‌లో ఇరుకు సందు మొగదల అనసూయమ్మ స్టీలు సామాన్ల కొట్టు. ముందు భాగంలో బిందెలు, క్యారియర్లు, పళ్లేలు. వెనుక గదిలో పాత్రల మీద పేర్లు చెక్కే చిన్న కరెంటు యంత్రం. ఆ రొద సాగినంతసేపూ గోడకు చెవులున్నా వినికిడి ఉండదు. అందుకే విభాగం దక్షిణ శాఖ అధిపతి తన బ్రీఫింగులన్నీ పేర్లు చెక్కుతూనే ఇస్తుంది.

"చచ్చినోడు నిజమే చెప్పినాడంటావా?" చెంబు తిప్పుతూ అడిగింది అనసూయమ్మ.

"అబద్ధం చెప్పే తీరిక వానికి దొరకలేదమ్మా."

యంత్రం గుర్రుమంది. చెంబు మీద ఎవరింటి పెండ్లికూతురి పేరో సగం వచ్చింది.

"విను లేవీ. గోపన్న సముద్రం అవతల రేవులో చిక్కుకుని ఉండాడు. రేపు పొద్దు కుంకేలోపల ఆడి నుంచి రెండు పడవలు బయలుదేరతాయి. ఒకటి మనది. ఒకటి మెరిడియన్‌ది. ఏది మనదో మనకే రేపు మధ్యాహ్నం గానీ తెలియదు. సరిగ్గా నాలుగింటికి గోపన్న తన రేడియో సెట్టు తెరుస్తాడు. మనం చెప్పిన పడవ ఎక్కుతాడు."

"కీ యాడ ఉంటాది?"

"ఇంకా పుట్టలేదు. రేపు పొద్దున్నే గోపన్న సెట్టూ, కడపలో మన కంప్యూటరూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఆ పలకరింపులో పుడతాది. ఒక ప్రతి అతని సెట్టులో, ఒక ప్రతి మన కంప్యూటర్ మెమరీలో. కాగితం మీద ఉండదు, డిస్క్ మీద ఉండదు. సాయంత్రం మాట పోతానే చెరిపేస్తాం. అంతే దాని ఆయుస్సు."

"ఆ లోపల వాళ్లకు దొరికితే?"

"గోపన్నకు మనం పంపే మాట చదువుతారు. లేదంటే మన పేరు పెట్టి వాళ్లే పంపుతారు. ఎట్లయినా గోపన్న చస్తాడు."

లేవి గోపన్నతో శిక్షణలో ఒకే కంచంలో తిన్నాడు. తన కూతురికి పేరు పెట్టింది గోపన్నే. ఆ పేరు గుర్తుకొచ్చినప్పుడల్లా ఇప్పుడు రేవు గుర్తుకొస్తోంది. అతడి కాలు ఆగకుండా నేలను తట్టసాగింది.

"కాలు ఆపప్పా. బిందెలు మోగుతాండాయి," అంది అనసూయమ్మ.

గుమ్మం దగ్గర సుగంధం వచ్చింది. ఆ వెనుక తనూజ వచ్చింది. నేరేడు రంగు చీర, నుదుటి మీదికి ఎత్తిన నల్ల కళ్లద్దాలు, నవ్వుకు ముందే మెరిసే కళ్లు. మెరిడియన్ ఆమెకు జీతమిస్తుంది. విభాగమూ ఇస్తుంది. తాను విభాగం మనిషినేనని ఆమె అంటుంది. మూడేళ్లుగా ఆమె చేరవేసిన ప్రతి కబురూ నిజమే అయింది.

ఆమె ఒక గ్లాసు అందుకుని అటూ ఇటూ తిప్పింది. "దీని మీద నా పేరు చెక్కండి ఆంటీ. కాకపోతే నాకున్న పేర్లన్నీ పట్టవేమో."

"ముందు పని చెప్పు తల్లీ."

"మెమరీని దొంగచాటుగా చదివే ప్రోగ్రామ్ ఒకటి వాళ్లు తయారుచేశారు. రేపు మన లైన్లోకి వదులుతారు. కానీ మన ప్రోగ్రాములు రాసే రాఘవేంద్రప్రసాద్ గారి అలొకేటర్, ఆ మెమరీ కాపలా, ఉండగా భయం లేదు. అది ఎవరినీ లోపలికి రానివ్వదు." ఆమె గ్లాసు కింద పెట్టింది. "మన కంప్యూటర్ కేంద్రాన్ని కడపకు మార్చమన్నది నేనే కదా. హైదరాబాదులో కళ్లు ఎక్కువ. కడపలో ఎవరు చూస్తారు?"

"కడపలోనే అందరూ చూస్తారు మేడమ్," అన్నాడు లేవి. "కొత్త మొగం కనపడితే యెవరింటికొచ్చినారని అడిగేదాకా వాళ్లకు కూడు దిగదు."

తనూజ పకపకా నవ్వింది. అనసూయమ్మ నవ్వలేదు. చెంబు మీద మిగిలిన సగం పేరు చెక్కింది.

*

కడపలో వేరుశనగ విత్తనాల కొట్టు పైఅంతస్తు. బయట బోర్డు: వాతావరణ సమాచార కేంద్రం. లోపల ఒక కంప్యూటర్, ఒక రేడియో సెట్టు, ఒక యూపీఎస్, మూలన నీళ్ల కుండ. కంప్యూటర్ ముందు రమ్యశ్రీ. కడప పిల్ల. ఈ కేంద్రానికి ఆపరేటర్‌గా వచ్చి వారం కూడా కాలేదు.

లేవి సంచి దించగానే ఆమె అడిగింది. "యెవురన్నా నువ్వు? యెవురింటి నుంచి?"

"గిడ్డయ్యను పాపా. కోసిగి. బ్యాటరీలు చూడమన్నారు."

"మొన్ననే కొత్తవి యేసినారు కదా. తనూజ మేడమ్ దగ్గరుండి మరీ యేయించినాది."

"కొత్తవైనా చూడాల. పెండ్లికొడుకును కూడా చూసే కదా చేసుకునేది."

"చూసి చేసుకున్నోళ్లు మా వీధిలో శానా మంది ఏడుస్తాండారు," అని రమ్యశ్రీ తెర వైపు తిరిగింది. తెర మీద వర్షపాతపు లెక్కలు. అది బయటివారి కోసం. వెనుక మరో కిటికీలో గోపన్న.

ఉదయపు పలకరింపు సక్రమంగా ముగిసింది. కీ పుట్టింది. ఆ సంగతి చెప్పినవాడు గోడ పక్కన కూర్చున్న రాఘవేంద్రప్రసాద్. చదువు పట్నంలో, ఉద్యోగం పెద్ద కాంపస్‌లో. సొంతూరు జమ్మలమడుగు దగ్గరి పల్లె. మనిషిలో గర్వం ఉంది. ఆ గర్వానికి తగిన పని కూడా ఉంది. గదిలో ఉన్న బ్యాటరీ మెకానిక్ ఎవరో అతడికి తెలుసు.

"ఎంత గట్టిది సార్ మీ తాళం?" గొంతు తగ్గించి అడిగాడు లేవి.

"మామూలుగా ప్రోగ్రామ్ మెమరీ కావాలంటే సిస్టమ్ ఎక్కడో ఒక గది చూపిస్తుంది. పని అయిపోయాక ఆ గదిని ఎవరూ ఊడ్వరు. తర్వాత దిగినవాడికి ముందటివాడి రహస్యాలు నేల మీదే దొరుకుతాయి. పక్క గదిలో ఉన్నవాడు గోడ దాటి చేయి పెట్టినా అడిగేవాడు ఉండడు. అందుకే సిస్టమ్ ఇచ్చే గదులు నాకొద్దన్నాను. సొంతంగా ఇల్లు కట్టాను. నా అలొకేటర్ అంటే అదే."

అతడు సుద్దముక్కతో నేల మీద మూడు చతురస్రాలు గీశాడు.

"మా తాతది ఫ్యాక్షన్ ఊరు. నడిమి గదిలో పడుకునేవాడు. ఇటొక గది, అటొక గది. రెండూ ఎప్పుడూ ఖాళీ. వాటి నేలంతా చెనిక్కాయ పొట్టు పరిచేవారు. చీకట్లో ఎవడు అడుగు పెట్టినా కరకరమనేది. ఆ చప్పుడుకు లేచేవాడు తాత. లేచినాక అడుగు పెట్టినవాడు లేచేవాడు కాదు."

"మీ ప్రోగ్రాములో పొట్టు యాడుంది?"

"కీకి రెండు వైపులా ఖాళీ పేజీలు, అంటే ఖాళీ మెమరీ గదులు. వాటిని ముట్టుకున్న ప్రోగ్రామ్ ఆ క్షణమే చస్తుంది. ఇంకొకటి. మెమరీ చాలకపోతే సిస్టమ్ కొన్ని పేజీలను డిస్క్ మీదికి తోసేస్తుంది. నడిమి గదిని అట్లా తోయకుండా తాళం వేశాను. పని కాగానే గదిని వదిలేముందు సున్నాలతో కడుగుతుంది. మరక కూడా మిగలదు. వాళ్ల దొంగ ప్రోగ్రామ్ రానివ్వండి. చూద్దాం."

అంతా బాగుంది. ఆ బాగుండడమే లేవికి కుదురు లేకుండా చేసింది. మీవాళ్లే తెరుస్తారు, మీవాళ్లే చేతికిస్తారు. ఎవరు? అతడు కిటికీ దగ్గరికి పోయాడు. తిరిగి వచ్చాడు. తలుపు గడియ చూశాడు. రేడియో తీగ తడిమాడు. ప్రసాద్‌ను చూశాడు. రమ్యశ్రీని చూశాడు. ఇద్దరి ముఖాల్లోనూ ద్రోహం కనిపించలేదు. ఫ్యాను తిరుగుతోంది, అతడు తిరుగుతున్నాడు, ఎండ గోడ మీద అంగుళం అంగుళం పాకుతోంది.

"కూచోన్నా," అంది రమ్యశ్రీ. "నిన్ను చూస్తాంటే నాకు కండ్లు తిరుగుతాండాయి."

మూడు దాటాక కర్నూలు నుంచి ఫోను మోగింది. అనసూయమ్మ గొంతు. "చిన్న బిందె అమ్ముడుపోలేదు. ఉప్పు జాడీ ఇవ్వండి." లేవి ఫోను పెట్టేశాడు. గోపన్న ఎక్కవలసింది ఉప్పు పడవ. ప్రసాద్ ఆ మాటను రహస్య కిటికీలో టైపు చేయించాడు. ఇక నాలుగు గంటల కోసం ఎదురుచూడడమే మిగిలింది.

అప్పుడే ఫ్యాను నెమ్మదించింది.

యూపీఎస్ ఒకసారి కీచుమంది. అది రెండోసారి కీచుమనేలోగా రమ్యశ్రీ కుడిచేయి మౌస్‌ను కదిపింది. ఎడమ చిటికెనవేలు షిఫ్ట్ మీటను నొక్కింది. ఒక క్లిక్కు. కళ్లు తెర మీద లేవు, ఫ్యాను మీద ఉన్నాయి. చేతికి మెదడుతో పని లేనట్టు, ఊపిరి పీల్చినంత సహజంగా ఆ పని జరిగిపోయింది. తెర నల్లబడింది. కంప్యూటర్ ఆగిపోయింది.

"ఇంక భయం లేదు," చీర కొంగుతో విసురుకుంటూ అంది రమ్యశ్రీ. "హైబర్నేట్ చేసినా. యాడిదాడనే ఉంటాది. కరెంటొస్తే మళ్లా అట్లనే లేస్తాది."

లేవి మెల్లగా అడిగాడు. "అట్లనే లేచేదానికి అదంతా యాడ పెట్టినావు పాపా?"

"డిస్కులోనే అన్నా. ఇంగ యాడ పెడతారు?"

కుండ దగ్గర నీళ్లు తాగుతున్న ప్రసాద్ చేతిలోంచి గ్లాసు జారింది.

"మెమరీ మొత్తమా?" అన్నాడు. అడగవలసిన అవసరం లేదు, అతడికి తెలుసు. హైబర్నేట్ చేసేటప్పుడు సిస్టమ్ ఏ గదినీ అనుమతి అడగదు. తాళం వేసిన గదినీ, ఖాళీ గదినీ, పొట్టునూ, తాతనూ కలిపి మొత్తం డిస్క్ మీదికి దించుతుంది. ప్రసాద్ పనిచేసే కాంపస్‌లో దీపం రెప్పవేసేలోగా జనరేటర్లు మేలుకుంటాయి. ఈ పదేళ్లలో అతడి కంప్యూటర్‌కు కరెంటు పోయిన సందర్భమే లేదు. పోతే జనం ఏం చేస్తారన్న ఆలోచన కూడా అతడికి రాలేదు.

"ఇంటికి కాపలా పెట్టినా," అన్నాడు. పట్నపు భాష ఎక్కడికో పోయింది. "ఇంటినే ఎత్తి బండ్లో ఏసుకపోతారని అనుకోలా."

రమ్యశ్రీ ముఖం పాలిపోయింది. "నేనేం తప్పు చేసినా సార్? మా ఇనిస్టిట్యూట్‌లో మొదటి దినం నేర్పేదే ఇది. ఏబీసీడీ కన్నా ముందు ఇదే. కరెంటు పోతే పని పోగూడదని."

"తప్పు నీది కాదు పాపా," అన్నాడు లేవి. గండికోటలో తెగిన వాక్యం ఇప్పుడు పూర్తయింది. ఈ ఊళ్లో కరెంటు పోతే ఈ ఊరి చేయి ఏం చేస్తుందో మెరిడియన్‌కు ముందే తెలుసు. కేంద్రం కడపకు వచ్చింది అందుకే. "డిస్కును చెరిపేద్దామా సార్?"

"చెరిపితే గోపన్నతో మాట్లాడలేం. కీ ఇప్పుడు ప్రపంచంలో రెండుచోట్లే ఉంది. అతని సెట్టులో. ఈ డిస్కులో."

"యూపీఎస్ మీద లేపితే?"

"లేస్తుంది. కానీ నాలుగింటికి ముందు అతని సెట్టు వినదు. అందాకా బ్యాటరీ నిలవాలి."

లేవి యూపీఎస్ మూత విప్పాడు. మీటరు పెట్టాడు. డబ్బాల మీద కొత్త స్టిక్కర్లు. లోపల ముసలి ప్రాణం. "ఇవి కొత్తవి కాదు. రంగేసిన పాతవి. లేపితే నాలుగైదు నిమిషాలు మోస్తాయి. అంతే. ఇప్పుడు లేపగూడదు."

చేయగలిగింది ఒక్కటే, కూర్చోవడం. ఫ్యాను లేని గదిలో ముగ్గురు. గోడల నుంచి సెగ. మెడ మీద చెమట. నల్లని తెర. దాని వెనుక నిద్రపోతున్న గోపన్న ప్రాణం. తన సంచిలోని స్కూటర్ బ్యాటరీని లేవి తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. వీధిలో బండి ఆగిన ప్రతిసారీ ముగ్గురూ తలుపు చూశారు.

నాలుగింటికి ఇంకా కొంత వ్యవధి ఉండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ముందు సుగంధం వచ్చింది. ఆ వెనుక తనూజ. ఎప్పుడూ నడిచి వచ్చే మనిషి ఇప్పుడు కాస్త పరుగున వచ్చింది.

"కరెంటు పోయిందా? నేను అనుకుంటూనే ఉన్నాను." చేతిలోని చిన్న పెట్టెను బల్ల మీద పెట్టి తెరిచింది. లోపల మెత్తని స్పాంజి, నడుమ చదరపు గుంట. "ప్రసాద్ గారూ, డిస్క్ తీసి ఇందులో పెట్టండి. నా హోటల్లో జనరేటర్ ఉంది. అక్కడి కంప్యూటర్‌కు తగిలించి సందేశం పంపేద్దాం. వీధి చివర కారు సిద్ధంగా ఉంది. త్వరగా."

ప్రసాద్‌కు ప్రాణం లేచివచ్చింది. స్క్రూడ్రైవర్ అందుకుని కేబినెట్ మీదికి వంగాడు. మొదటి మర వదులైంది. అందులో తప్పేముంది? ఆమె మనమనిషి. ఆమె చెప్పింది సబబుగానే ఉంది.

"ఒక్క మాట మేడమ్," అన్నాడు లేవి. "కీ మెమరీలోనే ఉంటాది, డిస్కు మీద ఉండదు. విభాగంలో అందరికీ తెలిసింది అదే. ఈ పాప హైబర్నేట్ చేసినప్పుడు గదిలో ఉన్నది మేము ముగ్గురమే. ఈడి నుంచి ఒక్క ఫోనూ బయటికి పోలా. మరి డిస్కు కొలతకు పెట్టె చేయించుకుని ఎట్ల వచ్చినారు?"

ప్రసాద్ చేయి ఆగింది.

తనూజ నిట్టూర్చింది. కళ్లద్దాలు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టింది. ఆ చేయి బయటికి వచ్చేటప్పుడు ఒక చిన్న పిస్తోలు కూడా వచ్చింది.

"మూడేళ్లు నిజాలే చెప్పాను లేవీ. ఒక్క అబద్ధం ఆడడానికి అంత పెట్టుబడి కావాలి. పాడుచేశావు." పిస్తోలు ప్రసాద్ వైపు తిరిగింది. "మరలు విప్పండి సార్."

"విప్పండి సార్," అన్నాడు లేవి కూడా. చేతులు కనబడేలా పెట్టి, సంచి పక్కన గొంతుకూర్చున్నాడు. "మేడమ్ ఎంతైనా చదువుకున్నామె. మనమేమో బ్యాటరీలకు నీళ్లు పోసుకునేటోళ్లం."

"ఇప్పటికైనా తెలిసింది."

"పాపా, కండ్లు మూసుకో," అని లేవి తన చేతిలోని స్పానర్‌ను స్కూటర్ బ్యాటరీ రెండు కొనల మీదా అడ్డంగా జారవిడిచాడు.

తెల్లని మెరుపు. చెవులు గింగిర్లెత్తే చప్పుడు. పిస్తోలు పేలింది. మూలనున్న కుండ పగిలి నీళ్లు గదంతా పరుచుకున్నాయి. మెరుపు కళ్లలోంచి పోయేసరికి తనూజ మణికట్టు లేవి గుప్పిట్లో ఉంది, పిస్తోలు బల్ల కింద ఉంది. రమ్యశ్రీ పాత మౌస్ తీగ ఒకటి లాగి తనూజ చేతులు వెనక్కి కట్టేసింది.

"గట్టిగా కట్టినావా?"

"మా ఎద్దును కట్టినట్ల కట్టినా అన్నా."

లేవి గడియారం చూశాడు. "లేపండి సార్."

విప్పిన మర అలాగే వదిలి ప్రసాద్ బటన్ నొక్కాడు. యూపీఎస్ మూలిగింది. తెర వెలిగింది. చీకటి, ఒక గీత, నిండుతున్న గీత. ఆ వెనుక వర్షపాతపు లెక్కలు, ఆ వెనుక రహస్య కిటికీ, అందులో ఆగిన చోటే ఆగిన మాట. రేడియో సెట్టు మీద ఆకుపచ్చ దీపం. నాలుగు గంటలు.

"పంపు."

రమ్యశ్రీ నొక్కింది. సముద్రం దాటవలసిన మాట అక్షరం అక్షరంగా బయలుదేరింది. అటు నుంచి గోపన్న అందుకున్నట్టు గురుతు రావాలి. అది వచ్చేవరకు కీ బతికి ఉండాలి.

యూపీఎస్ కీచుమంది. మళ్లీ కీచుమంది. కీచుకూ కీచుకూ నడుమ ఎడం తగ్గుతోంది.

రమ్యశ్రీ కుడిచేయి మౌస్ మీదికి పాకింది. చిటికెనవేలు షిఫ్ట్ వైపు సాగింది. ఆమె తన చేతిని తానే చూసి ఉలిక్కిపడింది.

"అన్నా, నా చెయ్యి పట్టుకో! అది పోతాంది!"

లేవి రెండు మణికట్లనూ పట్టి వెనక్కి లాగాడు. ఆ వేళ్లు గాలిలోనే మీటలు వెతుక్కున్నాయి. కీచు, కీచు, కీచు. తెర ఒకసారి వణికింది. కట్టుపడిన తనూజ గోడకు ఆనుకుని, ఎవరి పక్షాన నిలిచి చూస్తోందో తనకే తెలియనట్టు, రెప్ప వేయకుండా చూస్తోంది.

ఒక అక్షరం వచ్చింది. ఒక్కటే. అది గోపన్న గురుతు.

"గదిని వదిలేయండి సార్!"

ప్రసాద్ మీట నొక్కాడు. అలొకేటర్ తన నడిమి గదిని సున్నాలతో నింపింది. కడిగేశాను అన్న మాట తెర మీద కనిపించింది. కనిపించిన మరుక్షణం యూపీఎస్ చివరి కీచు సగంలో తెగిపోయింది. తెర ఆరిపోయింది.

డిస్క్ మిగిలింది. గాలిలో పోయిన మాటను ఎక్కడో ఎవరో పట్టి ఉంచే ఉంటారు. దాన్ని చదవడానికి కావలసిన కీ ఆ డిస్కులో ఇంకా నిద్రపోతోంది. ప్రసాద్ మిగిలిన మరలు విప్పి దాన్ని కిందికి తీసుకుపోయాడు. విత్తనాల కొట్టులో రోలూ రోకలీ అడిగాడు. కొట్టు యజమాని వింతగా చూశాడు. ప్రసాద్ చొక్కా చేతులు మడిచి, డిస్క్ లోపలి మెరిసే గాజు పళ్లెం పొడి అయ్యేదాకా దంచాడు. ఇన్నేళ్లలో తన చేత్తో చేసిన పనుల్లో అంత తృప్తినిచ్చినది మరొకటి లేదని తర్వాత చెప్పాడు.

ఈలోగా లేవి ఫోను చేసి ఊళ్లోని విభాగం మనుషులను పిలిపించాడు. తనూజ తెచ్చిన పెట్టెను మూసి, గిడ్డయ్య వేషంలోనే కారు దగ్గరికి మోసుకుపోయాడు. "మేడమ్ ఇచ్చిరమ్మన్నాది." వెనుక సీట్లోని ఇద్దరు ఆతురంగా అందుకున్నారు. వాళ్ల నాలుగు చేతులూ ఒకే పెట్టె మీద ఉన్న ఆ క్షణంలోనే విభాగం మనుషులు అటూ ఇటూ తలుపులు తెరిచారు.

*

మూడో రోజున స్టీలు కొట్టుకు ఫోను వచ్చింది. సముద్రపు హోరులో గోపన్న గొంతు. "అమ్మా, ఉప్పు శానా ఉండాది. కూరే లేదు. లేవి ఉండాడా?" లేవి ఫోను అందుకున్నాడు.  అటువైపు గోపన్న నవ్వుతూ అతడి కూతురి పేరు పెట్టి క్షేమం అడిగాడు.

విచారణలో తనూజ అన్నీ ఒప్పుకుంది. ఒక్క ఫిర్యాదు మాత్రం చేసింది. ఊరి బయటి సబ్‌స్టేషన్‌లో ఓబులేసు అనే కాంట్రాక్టు హెల్పర్‌ను కొన్నాననీ, సరిగ్గా నాలుగింటికి ఊరి కరెంటు లైను, ఆ ఫీడర్ తీయమన్నాననీ, తన మనుషులతో గదిలో ఉండి కంగారులోనే డిస్క్ మార్చేయాలన్నది పథకమనీ చెప్పింది. ఆ మూర్ఖుడు ముందే తీసి తనను పరుగులు పెట్టించాడని పళ్లు నూరింది.

లేవి ఓబులేసును పట్టుకొచ్చి కూర్చోబెట్టాడు. "ఏమప్పా, నాలుగింటికి తీయమంటే ముందే ఎందుకు తీసినావు?"

ఓబులేసు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "దేవుని తోడు సార్, నేను చెయ్యే పెట్టలా. నాలుగెప్పుడవుతాదా అని గడియారం చూస్తా కూచున్యా. దాని పాటికదే పోయినాది. మా ఊర్లో కరెంటు వచ్చేదానికి దుడ్లిచ్చేటోళ్లను శానా మందిని చూసినా గానీ సార్, పోయేదానికి ఇచ్చినామెను ఇప్పుడే చూస్తాండా!"